సముద్రపుత్రుడు డ్యూక్ కహానమోకు

విజయవాడ వన్ టౌనులోని పిల్లలకు కృష్ణానది ఇంటి ముంగిలి వంటిది. ఈ నదిపాయ యొకటి హంసలదీవియొద్ద సాగరమున కలియును. బందరు చేరువనున్న మంగినపూడి తీరమున నిలిచి చూచినచో బంగాళాఖాతపు తరంగములు ఒకదాని వెంట నొకటి వచ్చి విరుగుచుండును. వానిని చూచి మనము వెనుకకు తగ్గుదుము. పసిఫిక్ మహాసముద్ర మధ్యముననున్న హవాయి దీవులవారో, పలకపై నిలిచి ఆ తరంగములపై సవారి చేయుదురు. ఈ క్రీడను సర్ఫింగు అందురు. దీనిని దేశదేశములకు పరిచయము చేసిన ధన్యుడు డ్యూక్ కహానమోకు.

ఇతడు 1890వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన హొనొలులు నగరమున జన్మించెను. డ్యూక్ అనునది ఇతని బిరుదము కాదు. తండ్రి పేరే కుమారునకు పెట్టిరి. ఇతని శైశవమందే, 1893లో, హవాయి రాజరికము కూలిపోయెను. 1898లో ఆ దీవులు అమెరికాలో చేర్చబడెను. పూర్వము రాజులును ప్రజలును ఆడుకొనిన తరంగక్రీడ, మతప్రచారకుల అయిష్టము వలనను, పరదేశములనుండి వచ్చిన వ్యాధులచే జనము క్షీణించుట వలనను, అప్పటికే చాలవరకు అడుగంటియుండెను. వైకికి తీరమున పెరిగిన డ్యూక్, తన మిత్రులతో గూడి దానికి మరల జీవము పోసెను.

1911లో హొనొలులు రేవున జరిగిన పందెమున డ్యూక్ 100 గజముల దూరమును 55.4 సెకండ్లలో ఈదెను. ఇది నాటి ప్రపంచ రికార్డుకంటె 4.6 సెకండ్లు తక్కువ. అమెరికా క్రీడాసంఘమువారు ఈ వార్తను నమ్మలేదు. గడియారము తప్పియుండుననియు, నీటివాలు తోడ్పడియుండుననియు శంకించి దానిని త్రోసివేసిరి. డ్యూక్ వారితో కలహింపలేదు. మరుసటి యేడు స్టాక్‌హోం ఒలింపిక్సునకు పోయి 100 మీటర్ల ఈతలో స్వర్ణపతకము గెలిచెను. 1920లో ఆంట్‌వెర్ప్‌నందు మరి రెండు స్వర్ణపతకములు పొందెను. 1924లో పారిస్‌నందు జానీ వైస్‌ముల్లర్ అను యువకుడు ఇతనిని మించగా రజతపతకముతో తృప్తి పడెను.

ఆస్ట్రేలియావారు ఈతపందెములకు పిలువగా డ్యూక్ 1914 చివర సిడ్నీ చేరెను. అచ్చట కొయ్యతో స్వయముగా పలకను చేసికొని, ఫ్రెష్‌వాటర్ తీరమున అలలపై నిలిచి సవారి చేసి చూపెను. చూడవచ్చిన జనము ఆశ్చర్యమున మునిగిరి. నాటి పలక నేటికిని ఆ యూర భద్రపరుపబడియున్నది. నేడు సర్ఫింగుకై యాత్రికులు చేరు ప్రశాంతమైన తీరగ్రామములు లోకమున పెక్కు గలవు. వాని కథలో డ్యూక్ పేరు తప్పక వినవచ్చును.

అయితే ఇతని విద్య వినోదమునకే పరిమితము కాలేదు. 1925వ సంవత్సరము జూన్ 14వ తేదీన కాలిఫోర్నియాలోని న్యూపోర్టు రేవు వాకిట పెద్ద అలలు లేచి థెల్మా అను పడవను బోర్లద్రోసెను. ఒడ్డుననున్న డ్యూక్ వెంటనే తన పలకతో ఆ యలలలోనికి పోయెను. మునుగుచున్న వారిని పలకపై చేర్చి ఒడ్డునకు తెచ్చుచు, మరల మరల వెనుకకు పోయెను. ఆనాడు 17 మంది మరణించిరి. బ్రతికిన 12 మందిలో 8 మందిని డ్యూక్ ఒక్కడే రక్షించెను. అటుపిమ్మట పలకలు తీరరక్షకులకు సాధనములయ్యెను.

ఇంతటి కీర్తి గడించినను డ్యూక్ ధనవంతుడు కాలేదు. కొంతకాలము పెట్రోలు బంకు నడపి జీవించెను. 1934లో హొనొలులు షెరీఫుగా ఎన్నికై పాతికేండ్లకు పైగా ఆ పదవియందుండెను. 1968వ సంవత్సరము జనవరి 22వ తేదీన కన్నుమూయగా, అతని చితాభస్మమును వైకికి సముద్రమున కలిపిరి. 2021లో జరిగిన టోకియో ఒలింపిక్సున సర్ఫింగునకు తొలిసారి స్థానము లభించెను.

నేడు మన విశాఖపట్నము చెంతనున్న ఋషికొండ తీరమున గూడ యువకులు ఈ విద్య నేర్చుచున్నారు. బాలలారా! గురువు లేక నీటిలో దిగరాదు. నేర్చిన పిమ్మట ఆ నేర్పు ఆపదలోనున్నవానికి అక్కరకు రావలెను. డ్యూక్ గెలిచిన పతకములు అతని మెడకు అలంకారములు. అతడు కాపాడిన ఎనిమిది ప్రాణములు అతని జీవితమునకే అలంకారములు.