కడపటి అయిదు నిమిషములు: రహీము గారి చరిత్రము

తార్నాక మార్గమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము ప్రవేశించువారికి సాయంకాలమున బంతి తన్నుచున్న బాలురు కన్పట్టుదురు. ఆట ముగియవచ్చిన కొలది వారి తీరు మారును. ఒక గోలు హెచ్చుగా నున్నవారు బంతిని చేతనైనంత దూరము తన్నివేయుదురు. తక్కువగా నున్నవారు తొందరపాటున దిక్కు చూడక తన్నుదురు. అట్టి సమయమున మాకు సయ్యద్ అబ్దుల్ రహీము గారు జ్ఞప్తికి వచ్చుచుందురు.

రహీము గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విద్యార్థిగా మంచి ఆటగాడని పేరొందిరి. పిదప కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు పాఠశాలలందు ఉపాధ్యాయులై, వ్యాయామ విద్యయందు పట్టము బడసిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియైరి. 1950 మొదలు మరణపర్యంతము హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షణ నొసంగిరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచెను.

వారి శిక్షణ ఉపాధ్యాయుని పద్ధతినే యనుసరించెను. కుడికాలి వాటము గలవారిచే ఎడమకాలితో ఆడించెడివారు. బంతిని తనయొద్దనే యుంచుకొని పరుగిడరాదను నియమముతో పోటీలు పెట్టించి, తోటివానికి వెంటనే యందించుట నేర్పిరి. సికింద్రాబాదు చెంత అమ్ముగూడకు చెందిన తులసీదాసు బలరాము అను పేద బాలుని నేర్పు గుర్తించి, అద్దె సైకిలునకు సొమ్మిచ్చి శిక్షణకు రప్పించుకొనిరి.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలందు వారి శిక్షణలో మనజట్టు స్వర్ణ పతకము నార్జించెను. మరుసటి యేట హెల్సింకీలో యుగోస్లావియా 10-1 గోళ్లతో మనలను ఓడించెను. ఆ చలిలో మనవారిలో పెక్కుమంది వట్టి కాళ్లతో ఆడిరి. రహీము గారు ఆ పరాభవమును పాఠముగా గ్రహించిరి. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, మనజట్టు నాల్గవ స్థానము బడసెను.

అమెరికా కళాశాలలందాడు ఫుట్‌బాలు వేరు. అందు శిక్షకుడు విరామము కోరి గడియారము నాపింపవచ్చును. కడపటి క్షణములందు మూడు పాయింట్ల తన్నునకు ఆజ్ఞాపింపవచ్చును. మన ఆటలో శిక్షకునికి ఆ వీలు లేదు. కాలము సాగుచునే యుండును. ముందు నేర్పినదే ఆటగానికి దిక్కు.

ఈ సత్యము 1962లో జకార్తాయందు పరీక్షకు వచ్చెను. ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని ఆసియా క్రీడలకు రానీయకపోవుటను భారత ప్రతినిధి యొకరు ఆక్షేపించినందున, అచ్చటి జనులు మనవారిపై ఆగ్రహించియుండిరి. రహీము గారప్పటికే క్యాన్సరు వ్యాధిపీడితులు. మొదటి పందెములోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించియుండెను. సెప్టెంబరు 4వ తేదీ అంతిమ పోటీలో మరల ఆ జట్టే యెదురయ్యెను. తలకు గాయమైన రక్షకుడు జర్నైలు సింగును రహీము గారు ముందువరుసలో నిలిపిరి. 17వ నిమిషమున ప్రదీపకుమార బెనర్జీయు, 20వ నిమిషమున జర్నైలు సింగును గోళ్లు చేసిరి. జనసమూహము కొరియావారినే ప్రోత్సహించుచుండెను. 85వ నిమిషమున వారొక గోలు చేసిరి. ఇంక అయిదే నిమిషములు. మరియొక గోలైనచో ఏండ్ల శ్రమ సందేహమున పడును. మనవారు చెదరక నిలిచి 2-1తో గెలిచిరి. అమ్ముగూడ బాలుడు బలరాము ఆ జట్టులో నుండెను.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11వ తేదీన, రహీము గారు పరమపదించిరి. ఆ పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలునందు భారతదేశము మరల స్వర్ణము నొందలేదు.

విద్యార్థులారా! గంట కొట్టబోవు సమయమున క్రొత్తగా నేర్చుకొనుటకు వ్యవధి యుండదు. ఎవ్వరును చూడని నాడు ఎడమకాలితో నభ్యసించినదే ఆనాడు మిమ్ము నిలుపును. మేమును ఉపాధ్యాయులమే గనుక, రహీము గారి చరిత్రమునందు మాకు మిక్కిలి ప్రియమైన సంగతి ఇదియే.