వంకరపోయిన వేళ్లకు పని నేర్పిన డాక్టర్ పాల్ బ్రాండ్

కుష్టు వచ్చిన మనిషిని ముట్టుకోవడానికే జనం భయపడే రోజులవి. ఆ చేతులనే పట్టుకుని, ఆపరేషన్ చేసి, మళ్లీ పనిలో పెట్టిన సర్జన్ డాక్టర్ పాల్ బ్రాండ్.

1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులకు ఆయన పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. ఆయన అక్కడుండగానే ఇక్కడ తండ్రి జ్వరంతో చనిపోయారు. కొన్నేళ్లు ఇళ్లు కట్టే పని, వడ్రంగం నేర్చుకుని, ఆ తర్వాతే లండన్‌లో డాక్టరీ చదివారు. 1946లో వేలూరు సీఎంసీకి వచ్చారు.

ఆ మరుసటి ఏడాది చెంగల్పట్టు కుష్టు ఆస్పత్రి చూడడానికి వెళ్లారు. వేళ్లు ముడుచుకుపోయిన ఒక రోగితో చెయ్యి కలిపితే, ఆ పట్టుకు డాక్టర్‌కే నొప్పి పుట్టింది. అరచేతి కండరాలు చచ్చుబడినా ముంజేతిలో బలం అలాగే ఉందని ఆయనకు అప్పుడే తట్టింది.

కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది టెండన్. ముంజేతిలో బాగున్న కండరం టెండన్‌ను దారి మళ్లించి వేళ్లకు కుట్టడమే ఆయన చేసిన పని. కానీ కుట్టుతోనే అయిపోదు. మూడు వారాలు కట్టు, ఆపైన రోజూ ఫిజియోథెరపీ. అప్పటిదాకా మణికట్టును లేపిన కండరం ఇప్పుడు వేళ్లను కదపాలి. అది మెదడు కొత్తగా నేర్చుకోవాలి.

వేళ్లు తిన్నగా అయ్యాక ఇంకో కష్టం వచ్చింది. చేతులు బాగుపడ్డ వాళ్లకు భిక్షం పడలేదు, కుష్టు పేరుతో పనీ ఎవరూ ఇవ్వలేదు. అందుకే వేలూరులో న్యూ లైఫ్ సెంటర్ మొదలైంది. తనకొచ్చిన వడ్రంగమే అక్కడ వాళ్లకు నేర్పించారు. వేళ్లు పోయేది రోగం తినేయడం వల్ల కాదని, నొప్పి తెలియక తగిలే కాలిన గాయాలు, దెబ్బల వల్లేనని కూడా ఆయన చూపించారు.

1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్టు ఆస్పత్రికి వెళ్లి, 2003లో ఆ దేశంలోనే కన్నుమూశారు.

ఇప్పటికీ చిత్తూరు, రాయలసీమ నుంచి ఎంతోమంది వేలూరుకే వెళ్తారు. మెషిన్‌లోనో, గాజు పెంకుతోనో చేతి టెండన్ తెగి ఆపరేషన్ అయినవాళ్లు ఆయన నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. కుట్లు విప్పాక డాక్టర్ చెప్పిన వ్యాయామం మానేస్తే, చేసిన ఆపరేషన్ సగమే అయినట్టు.