రేనాటి దానకర్ణుడు బుడ్డా వెంగళరెడ్డి

ఈ నెల గోడపత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు నాకొచ్చింది. గాంధీ తాత గురించి, అల్లూరి సీతారామరాజు గురించి అన్నలు ఇదివరకే రాసినారు. అందుకని నేను మన సీమ రైతు గురించి రాస్తున్నాను.

బుడ్డా వెంగళరెడ్డిది ఉయ్యాలవాడ. కోవెలకుంట్ల దగ్గరి ఊరు. మన మంత్రాలయం మాదిరే అదీ కర్నూలు జిల్లాలోనే ఉండె, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి పోయింది. ఆ తట్టును రేనాడు అంటారు. నల్లరేగడి నేల. వానొస్తే జొన్న బాగా పండుతుంది, రాకుంటే కాలు దిగేంత నెర్రెలు. వెంగళరెడ్డి అక్కడ పెద్ద రైతు.

1866లో కరువొచ్చింది. బావులెండినాయి, గొడ్లు చచ్చినాయి. పెద్ద రైతు అయినా కరువులో ముందు తన ఇల్లు చూసుకుంటాడు, వచ్చే ఏటికి విత్తనం దాచుకుంటాడు. అది తప్పని నేననను. వెంగళరెడ్డి మాత్రం తన ధాన్యం బయటికి తీయించి గంజి కాయించి పోయించినాడు. ఆ మాట ఊరూరికీ పాకి వేలమంది ఉయ్యాలవాడకు నడిచొచ్చినారు.

ఇది చెప్పినంత సులువు కాదు. మన హాస్టల్లో 240 మందిమి. తలకు 150 గ్రాముల లెక్కన పూటకు 36 కిలోల బియ్యం కావాల. వెయ్యి మందికైతే 150 కిలోలు. ఇంక వేలమందికి ఎంత జొన్న, ఎన్ని కట్టెలు, ఎన్ని కడవల నీళ్లు! నీళ్లే లేని ఏడు అది. లారీలు లేవు, రేషన్ షాపు లేదు. మన తాండాల్లో వానలు లేని ఏడు అమ్మానాయనలు గుంటూరు తట్టు మిరపకాయలు కోయను సుగ్గికి పోతారు గదా, అప్పుడు బువ్వ దొరికే చోటికి పిల్లల్ని ఎత్తుకుని నడవడమే సుగ్గి.

ఆ సాయానికి మెచ్చి విక్టోరియా రాణి బంగారు పతకం ఇప్పించింది. ఇక్కడొక సంగతి. అదే ఉయ్యాలవాడ పేరున్న నరసింహారెడ్డిని తెల్లదొరలు 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసినారు. ఆయన తలను 1877 దాకా కోటకు వేలాడదీసే ఉంచినారంటారు. అంటే ఒక ఉయ్యాలవాడ మనిషికి పతకం ఇచ్చేనాటికి ఇంకో ఉయ్యాలవాడ మనిషి తల అక్కడే ఉందన్నమాట! పతకం కన్నా నాకు గంజే పెద్దదిగా కనపడుతుంది.

తర్వాత 1876లో ధాత కరువొచ్చి రెండేండ్లు పీడించింది. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో 9 లక్షల 14 వేల మంది ఉంటే 1881 నాటికి 6 లక్షల 78 వేలే మిగిలినారు. నలుగురిలో ఒకరు లేరు. వెంగళరెడ్డి అదీ కండ్లారా చూసినాడు. ముసలితనం దాకా బతికి 1900లో పోయినాడు.

ఆయన మీద పాట కట్టి రాయలసీమలో ఊరూరా పాడినారు. పతకం ఎట్లుంటుందో మనలో ఎవరూ చూడలేదు గానీ పాట వినే ఉంటారు. మీ అవ్వకో తాతకో అది పూర్తిగా వస్తే దసరా సెలవులకు పోయినప్పుడు రాసుకొని రండి. వచ్చే పత్రికలో దానికి జాగా ఉంచుతాను.