జెఫ్రీ డి హావిలాండ్

సర్ జెఫ్రీ డి హావిలాండ్ (జూలై 27, 1882 - మే 21, 1965) ప్రముఖ ఆంగ్ల విమాన రూపకర్త, విమాన చోదకుడు, పారిశ్రామికవేత్త. ఈయన రూపొందించిన మాత్ శ్రేణి తేలికపాటి విమానాల వలన, అంతవరకు సైన్యానికి, కొద్దిమంది ధనవంతులకు మాత్రమే పరిమితమై ఉన్న విమానయానం సామాన్య క్లబ్బు సభ్యులకు కూడా అందుబాటులోకి వచ్చింది. 1932లో బళ్ళారి మీదుగా మద్రాసు చేరిన టాటా విమాన టపా, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు బేగంపేటలో జరిగిన వైమానిక శిక్షణ ఈ శ్రేణి విమానాలతోనే సాగాయి.

బాల్యము, తొలి ప్రయత్నాలు

జెఫ్రీ ఇంగ్లాండులోని హై వికోంబ్ సమీపంలో ఒక క్రైస్తవ మతాధికారి ఇంట జన్మించాడు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఇంజనీరింగు పాఠశాలలో చదివి, కొంతకాలం మోటారు పరిశ్రమలో పనిచేశాడు. మాతామహుడు సమకూర్చిన 1000 పౌండ్లతో, మిత్రుడు ఫ్రాంక్ హెర్ల్ సహాయంతో తొలి విమానాన్ని నిర్మించాడు. రెక్కలకు వేసే గుడ్డను భార్య లూయీ స్వయంగా కుట్టింది. 1909 డిసెంబరులో సెవెన్ బారోస్ అనే పచ్చికబయలులో ఆ విమానం పైకి లేచీ లేవకముందే కూలిపోయింది. జెఫ్రీ స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. అదే ఇంజనుతో నిర్మించిన రెండవ విమానం 1910లో అదే చోట విజయవంతంగా ఎగిరింది. ప్రభుత్వ బెలూన్ కర్మాగారం దానిని 400 పౌండ్లకు కొని, రూపకర్తను కూడా ఉద్యోగంలో చేర్చుకుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఎయిర్‌కో సంస్థలో డీహెచ్.2, డీహెచ్.4 వంటి యుద్ధవిమానాలను రూపొందించాడు. 1920లో లండన్ శివారులోని స్టాగ్ లేన్ వద్ద సొంత సంస్థను స్థాపించాడు.

మాత్ విమానం

యుద్ధానంతరం చవకైన విమానం కోసం ఈయన చేసిన మొదటి రెండు ప్రయత్నాలు అంతగా ఫలించలేదు. డీహెచ్.51 మరీ పెద్దది, ఖర్చుతో కూడినది. డీహెచ్.53 మరీ చిన్నది, శక్తి చాలనిది. లోపం ఇంజనులో ఉన్నదని గ్రహించి, ఫ్రాంక్ హాల్‌ఫర్డ్ అనే ఇంజనీరు చేత ఎనిమిది సిలిండర్ల పాత సైనిక ఇంజనును సగానికి తగ్గించి, నాలుగు సిలిండర్లు, 60 అశ్వశక్తి గల సిర్రస్ ఇంజనును తయారు చేయించాడు. దానితో డీహెచ్.60 మాత్ 1925 ఫిబ్రవరి 22న మొదటిసారి ఎగిరింది. దాని రెక్కలను వెనుకకు మడిచి మోటారు కారు షెడ్డులో పెట్టుకోవచ్చును. కీటకశాస్త్రమంటే మక్కువ గల జెఫ్రీ, మడిచే రెక్కలను చూసి దానికి శలభం పేరు పెట్టాడు. అదే సంవత్సరం బ్రిటిషు వైమానిక శాఖ ఆర్థిక సహాయంతో ఐదు ఫ్లయింగ్ క్లబ్బులు ఏర్పడగా, వాటికి మాత్‌లనే సమకూర్చారు. 1928లో సొంత జిప్సీ ఇంజను అమర్చిన జిప్సీ మాత్ వచ్చింది.

నమోదు సంఖ్యలు

1929 నాటికి బ్రిటన్‌లోని ప్రతి 100 విమానాలలో 85 ఏదో ఒక రకం మాత్ అని ఒక అంచనా. ఇది ఒక్క నమూనాకు సంబంధించిన సంఖ్య కాదు, శ్రేణి మొత్తానిది. డీహెచ్.60 రకాలు అన్నీ కలిపి సుమారు 2,000 తయారయ్యాయి. పౌర విమానాల రిజిస్టరులో ప్రతి విమానానికి ఒక అక్షరాల గుర్తు కేటాయిస్తారు. బ్రిటన్‌లో అది జీ అక్షరంతోను, భారతదేశంలో తొలుత జీ-ఐ తోను, తరువాత వీటీ తోను మొదలయ్యేది. 1930లో ఎమీ జాన్సన్ ఒంటరిగా ఇంగ్లాండు నుండి ఆస్ట్రేలియాకు నడిపిన జిప్సీ మాత్ గుర్తు జీ-ఏఏఏహెచ్. ఆ విమానం లండన్ సైన్సు మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఈ గుర్తులను బట్టి లెక్కలు కట్టేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. జె.ఆర్.డి. టాటా 1932 అక్టోబరు 15న కరాచీ నుండి బొంబాయికి టపా తెచ్చిన పస్ మాత్ గుర్తు వీటీ-ఏడీఎన్. వీటీ-ఏఏఏ నుండి అక్షరక్రమంలో లెక్కిస్తే ఇది 92వ కూర్పు. అంతమాత్రాన అప్పటికి దేశంలో 92 విమానాలు ఎగురుతున్నాయని అర్థం కాదు. కూలిపోయినవి, అమ్ముడై విదేశాలకు పోయినవి కూడా ఆ వరుసలోనే ఉంటాయి. బొంబాయి నుండి ఆ టపాను నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. బళ్ళారి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని దత్తమండలాలలో భాగం.

పస్ మాత్‌లు మొత్తం 284 తయారయ్యాయి. వాటిలో కొన్ని గాలిలోనే రెక్కలు విరిగి కూలిపోయి ప్రాణనష్టం జరిగింది. పరిశోధన జరిపి రెక్క ఊతకడ్డీకి అదనపు ఆధారం చేర్చారు. తయారీ సంఖ్యలు గొప్పగా చెప్పుకొనే చోట్ల ఈ సంగతి తరచు మరుగున పడుతుంది.

1931లో వచ్చిన టైగర్ మాత్ సంఖ్యలో అన్నిటినీ మించినది. 8,800 వరకు తయారైన వీటిలో అధికభాగం సైన్యానికే చెందినవి కనుక పౌర రిజిస్టరులో కనిపించవు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బేగంపేటలోని ప్రాథమిక శిక్షణ పాఠశాలలో భారతీయ యువకులు వీటిపైనే శిక్షణ పొందారు. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన టైగర్ మాత్‌లు చవకగా క్లబ్బులకు చేరి, అప్పుడు మాత్రమే పౌర గుర్తులు పొందాయి.

కుటుంబము, చివరి జీవితము

చెక్కతో నిర్మించిన మస్కిటో యుద్ధవిమానం ఈయన సంస్థకు మరింత పేరు తెచ్చింది. అయితే యుద్ధకాలంలో, ఆ తరువాత ఈయనకు కలిగిన పుత్రశోకం తీరనిది. ముగ్గురు కుమారులలో చిన్నవాడైన జాన్ 1943లో రెండు మస్కిటోలు ఢీకొని మరణించాడు. తొలి మస్కిటోను నడిపిన పెద్ద కుమారుడు జెఫ్రీ జూనియర్ 1946 సెప్టెంబరు 27న డీహెచ్.108 అనే ప్రయోగాత్మక జెట్ విమానం గాలిలో ముక్కలై చనిపోయాడు. ఇద్దరినీ బలిగొన్నవి తండ్రి సంస్థ తయారు చేసిన విమానాలే. ఆ దుఃఖంతో కుంగిపోయిన లూయీ 1949లో కన్నుమూసింది. అదే సంవత్సరం ప్రపంచపు తొలి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ ఎగిరింది. 1954లో జరిగిన కామెట్ ప్రమాదాలు సంస్థను దెబ్బతీశాయి. 1960లో అది హాకర్ సిడ్లీ సంస్థలో కలిసిపోయింది.

జెఫ్రీ 1944లో సర్ బిరుదు, 1962లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందాడు. 1951లో జోన్ ఫ్రిత్‌ను పునర్వివాహం చేసుకున్నాడు. 1961లో స్కై ఫీవర్ అనే ఆత్మకథ ప్రచురించాడు. 82వ ఏట మరణించిన ఈయన చితాభస్మాన్ని, మొదటి విమానం కూలిన, రెండవది ఎగిరిన సెవెన్ బారోస్ మీద విమానం నుండి చల్లారు.