చెవితో చూపించిన బొమ్మలు - వాల్ట్ డిస్నీ

పిల్లలూ! మీరు వీడియో గేమ్ ఆడుతుంటే, గోల భరించలేక అమ్మో నాన్నో వాల్యూమ్ తీసేస్తే ఏమవుతుంది? తెర మీద బొమ్మ ఒక్క చుక్క కూడా మారదు. కానీ ఆట చప్పగా అయిపోతుంది. కారుకి బరువు లేనట్టు, గోడ అట్టతో చేసినట్టు కనిపిస్తుంది. కంప్యూటర్లతో రోజంతా గడిపే మేము కూడా గ్రాఫిక్స్ అంటే కంటి వ్యవహారమే అనుకుంటాం. బొమ్మ బాగుందో లేదో తేల్చడంలో చెవికీ వాటా ఉందని నమ్మి, ఉన్నదంతా దాని మీద పెట్టిన మనిషి వాల్ట్ డిస్నీ. ఆయన కథ చెప్పుకుందాం.

డిస్నీ 1901 డిసెంబర్ 5న షికాగోలో పుట్టారు. మిస్సోరి రాష్ట్రంలోని మార్సెలీన్ అనే చిన్న ఊళ్ళో, పొలాల మధ్య కొన్నాళ్ళు పెరిగారు. తర్వాత కాన్సస్ సిటీలో తెల్లవారుజామునే లేచి ఇంటింటికీ పేపర్లు వేస్తూ చదువుకున్నారు. అక్కడ పెట్టిన కార్టూన్ కంపెనీ 1923లో దివాలా తీసింది. హాలీవుడ్ వచ్చి అన్న రాయ్‌తో కలిసి మళ్ళీ మొదలుపెట్టారు. ఓస్వాల్డ్ అనే కుందేలు బొమ్మ బాగా పేరు తెచ్చింది కానీ, దాని హక్కులు ఆయనవి కావు. 1928లో ఆ కుందేలూ పోయింది, పనివాళ్ళలో చాలామందీ పోయారు.

వదిలి వెళ్ళని స్నేహితుడు అబ్ ఐవర్క్స్‌తో కలిసి అప్పుడు మిక్కీ మౌస్‌ని సృష్టించారు. రెండు మూకీ కార్టూన్లు తీశారు. కొనేవాళ్ళే లేరు!

1927లో వచ్చిన 'ది జాజ్ సింగర్' తర్వాత సినిమాలు మాట్లాడడం మొదలుపెట్టాయి. మూడో మిక్కీ చిత్రం 'స్టీమ్‌బోట్ విల్లీ'ని శబ్దంతోనే తీయాలని డిస్నీ పట్టుబట్టారు. సెకనుకి 24 ఫ్రేములు కదా, తాళానికి ఎన్ని బొమ్మలు గీయాలో ముందే లెక్క కట్టారు. కొంత భాగం పూర్తవగానే ఒక రాత్రి స్టూడియోలోనే పరీక్ష పెట్టారు. రాయ్ ప్రొజెక్టర్ తిప్పితే, తెర వెనక ఒకరు మౌతార్గాన్ వాయించారు, మిగతావాళ్ళు గిన్నెలూ తపేలాలూ మోగించారు. మన తోలుబొమ్మలాటలో తెర వెనక పాటా, మద్దెలా, కాలి కింద చెక్కల చప్పుడూ ఉంటాయే, అచ్చం అలాగే! చూసిన ఇంటివాళ్ళు ముచ్చటపడ్డారు.

అసలు కష్టం న్యూయార్క్‌లో ఎదురైంది. మొదటి రికార్డింగ్‌లో వాద్యబృందం బొమ్మతో కలవలేదు. డబ్బంతా వృథా. రెండోసారికి డబ్బు కోసం డిస్నీ తన కారు అమ్మేశారు. ఈసారి ఫిల్మ్ మీద తాళం చూపించే గుర్తు పెట్టారు. దాన్ని చూస్తూ వాయిస్తే శబ్దం బొమ్మతో చక్కగా కలిసింది.

1928 నవంబర్ 18న న్యూయార్క్‌లోని కొలనీ థియేటర్‌లో సినిమా విడుదలై జనాన్ని కట్టిపడేసింది. అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. ఎవరూ కొనని ఆ రెండు మూకీ కార్టూన్లకూ శబ్దం జోడిస్తే, అవీ థియేటర్లకు వెళ్ళాయి. మిక్కీ గొంతు చాలా ఏళ్ళు డిస్నీదే.

1940లో అదే థియేటర్‌లో, అప్పటికి పేరు మారి బ్రాడ్‌వే థియేటర్ అయింది, 'ఫాంటాసియా' విడుదలైంది. హాలు చుట్టూ స్పీకర్లు పెట్టి శబ్దం అన్ని వైపుల నుంచీ వినిపించే ఏర్పాటు చేశారు. ఆ పని కోసం ఎనిమిది ఆడియో ఆసిలేటర్లు కొన్నది పాలో ఆల్టోలో ఒక గరాజ్‌లో మొదలైన హ్యూలెట్-పాకార్డ్ అనే కొత్త కంపెనీ దగ్గర! ఖర్చు ఎక్కువ, యుద్ధం వల్ల యూరప్ మార్కెట్ లేదు. అప్పట్లో నష్టమే వచ్చింది. 1941లో ఉద్యోగులు సమ్మె కూడా చేశారు. ఆయన ప్రయాణం నల్లేరు మీద నడకేమీ కాదు. 1955లో డిస్నీలాండ్ తెరిచారు. 1966 డిసెంబర్ 15న కన్నుమూశారు.

ఆయన పోయిన ఇరవై ఏళ్ళకి, 1986లో, పిక్సార్ వాళ్ళు 'లక్సో జూనియర్' అనే చిన్న కంప్యూటర్ చిత్రం తీశారు. అందులో ఉన్నవి రెండు టేబుల్ లాంపులు, మాటల్లేవు. వాటి కిర్రుకిర్రు శబ్దాలు వింటే ఒకటి పెద్దదనీ, ఇంకోటి అల్లరి పిల్ల అనీ మనకే తెలిసిపోతుంది.

పిల్లలూ, 'స్టీమ్‌బోట్ విల్లీ' మీద కాపీరైట్ 2024తో అమెరికాలో తీరిపోయింది. ఈ వారాంతం ఇంట్లో అందరూ కలిసి ఒకసారి శబ్దం లేకుండా, ఒకసారి శబ్దంతో చూడండి. ఏది బాగా గీసినట్టు అనిపించిందో వచ్చే ఆదివారం తరగతిలో తెలుగులో చెప్పాలి మరి!