పియానో కవి షోపాన్

సంగీతానికి భాషాభేదం లేదని అందరమూ అంటాము. అయినా పరదేశపు సంగీతం చెవినపడినప్పుడు అది మనది కాదని తొలగిపోవడమే ఎక్కువ. సికింద్రాబాదు చర్చీలలో తరతరాలుగా పియానో మోగుతున్నది. కాని తార్నాక, లాలాపేట పరిసరాలలో చదువుకునే మన విద్యార్థులలో చాలామందికి అది చలనచిత్రాలలో నాయకుడు పాట పాడేవేళ కనిపించే అలంకార వస్తువు మాత్రమే. ఆ వాద్యానికి జీవితాన్ని ధారపోసి, నలభై ఏండ్లు నిండకుండానే కన్నుమూసిన మహనీయుడు ఫ్రెడరిక్ షోపాన్. ఆయన చరిత్ర సంగీత ప్రియులకే కాదు, విద్య నేర్చేవారికీ, నేర్పేవారికీ కూడా ఉపకరించేది.

షోపాన్ 1810లో పోలండ్ దేశంలో, వార్సా నగరానికి సమీపాన ఉన్న జెలజోవా వోలా గ్రామంలో జన్మించాడు. తండ్రి ఫ్రెంచి దేశస్థుడు, వృత్తిచేత ఉపాధ్యాయుడు. తల్లి పోలండ్ స్త్రీ. తొలి గురువు జివ్నీ బాలునికి బాఖ్ రచనలపై భక్తిని నూరిపోశాడు. ఏడేండ్ల ప్రాయంలో, 1817లోనే, ఆ బాలుని రచన అచ్చయింది. అనంతరం వార్సా సంగీత కళాశాలలో ఎల్స్నర్ అనే ఆచార్యుడు లభించాడు. శిష్యుని ప్రతిభ అసాధారణమైనదని గ్రహించి, దానిని తన మూసలో పోయడానికి ప్రయత్నించకపోవడమే ఆయన చేసిన మహోపకారం.

ఆనాడు పోలండ్‌కు స్వాతంత్ర్యం లేదు. వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1830 నవంబరు 2న షోపాన్ విదేశయాత్రకు బయలుదేరాడు. అదే నెల 29న వార్సాలో తిరుగుబాటు చెలరేగింది. మరుసటి సంవత్సరం దానిని రష్యన్ సైన్యం అణచివేసింది. పారిస్ చేరిన షోపాన్ మళ్ళీ స్వదేశపు గడప తొక్కలేదు. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు.

పారిస్ చేరడానికి ముందు కొన్ని మాసాలు ఆయన వియన్నాలో గడిపాడు. ఆ నగరం అప్పుడు వాల్ట్జ్ నృత్యపు మోజులో మునిగి ఉన్నది. స్త్రీపురుషులు జంటగా తిరుగుతూ ఆడే నృత్యానికీ, దానికి వాయించే సంగీతానికీ కూడా వాల్ట్జ్ అనే పేరు. దాని నడక మూడు మాత్రలది. మొదటి మాత్రకు ఊనిక, తరువాతి రెండు తేలిక. మన తిస్రగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. అంతకు పూర్వమే మన దక్షిణదేశంలో ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల బాణీలను విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చాడు. వాటినే నొట్టుస్వరాలు అంటారు. ఆంగ్లేయుల జాతీయగీతపు వరుసలో ఆయన రచించిన ‘సంతతం పాహిమాం’ కూడా మూడు మాత్రల నడకలోనే సాగుతుంది. మంచి చెవి ఉన్నవానికి పరాయి వరుస పరాయిగా మిగలదు.

షోపాన్‌కు మాత్రం వియన్నా ఫక్కీ వాల్ట్జ్ పట్టుబడలేదు. ఆ సంగతి తానే ఒప్పుకున్నాడు. పట్టుబడని దానిని వదలివేయలేదు, ఇతరులవలె వాయించడానికి తంటాలు పడనూ లేదు. నాట్యశాలలోని వాల్ట్జ్‌ను తెచ్చి పియానో ముందు కూర్చోబెట్టాడు. కాళ్ళతో ఆడవలసినది మనస్సుతో ఆడేదిగా మారిపోయింది. 1834లో అచ్చయిన మొదటి వాల్ట్జ్ మొదలుకొని 1847లో వెలువడిన మూడింటి వరకు, ఆయన జీవించి ఉండగా ప్రకటించినవి ఎనిమిదే. తక్కినవి మరణానంతరం వెలుగు చూశాయి. వానిలో ఎ-మైనర్ వాల్ట్జ్ చిన్నది, సరళమైనది. పియానో నేర్చుకునేవారు చాలామంది షోపాన్ ప్రపంచంలో అడుగుపెట్టేది ఆ గుమ్మం గుండానే.

1847 నాటి సి-షార్ప్ మైనర్ వాల్ట్జ్‌లో ఆయన పరిణత శిల్పం కనిపిస్తుంది. అందులో మూడు భావాలున్నాయి. మొదటిది నిట్టూర్పువంటిది. రెండవది సుడిగాలివలె తిరిగే స్వరధార. మూడవది మేజర్ శ్రుతిలోకి మారి, మబ్బు విడిన ఆకాశంవలె విశాలమవుతుంది. ఆ వెలుగు నిలవదు. సుడి మళ్ళీ వస్తుంది, తొలి నిట్టూర్పు మళ్ళీ వినిపిస్తుంది, చివరకు సుడితోనే రచన ముగుస్తుంది. దేశం విడిచిన వ్యక్తి మనస్సు ఇట్లాగే పరిభ్రమిస్తుందేమో అనిపిస్తుంది.

పారిస్‌లో షోపాన్ జీవనాధారం బోధన. బహిరంగ సభలలో వాయించడం ఆయనకు ఇష్టముండేది కాదు. జీవితకాలంలో ఇచ్చిన కచేరీలు సుమారు ముప్పదికి మించవు. గురువుగా ఆయన పద్ధతి విలక్షణమైనది. ఆనాటి బోధకులు ఐదు వేళ్ళకూ సమానబలం రావాలని శిష్యులచేత యంత్రంవలె గంటలకొద్దీ సాధన చేయించేవారు. షోపాన్ దీనిని అంగీకరించలేదు. వేళ్ళు స్వభావతః అసమానాలు. ఒక్కొక్క వేలికి ఒక్కొక్క గుణం ఉన్నది. దానిని నాశనం చేయక వికసింపజేయాలని ఆయన మతం. చదవడానికి సులభమని అందరూ మొదట నేర్పే, అన్నీ తెల్లమెట్లే ఉండే సి-మేజర్‌ను ఆయన వెనుకకు నెట్టి, పొడుగు వేళ్ళు నల్లమెట్లపై సహజంగా ఒదిగే బి-మేజర్‌తో పాఠం ఆరంభించేవాడు. దినానికి మూడు గంటలకు మించి సాధన వద్దనేవాడు. గొప్ప గాయకులను వినమని శిష్యులను ప్రోత్సహించేవాడు. వాద్యం పాడాలని ఆయన కోరిక.

లయ విషయంలో ఆయన చెప్పినది మరువరానిది. ఎడమచేయి వాద్యబృంద నాయకునివలె కాలం తప్పకుండా నడపాలి. కుడిచేయి భావాన్ని అనుసరించి కొంత ఆగవచ్చు, కొంత తొందరపడవచ్చు. ఉర్దూ గజల్‌లో బహర్ నియమం, తెలుగు పద్యంలో ఛందోనియమం కవి ఊహకు సంకెల కానట్లే, ఇక్కడ కాలనియమం భావానికి ఆధారమే అవుతున్నది. వాల్ట్జ్ నేర్చుకునేవాడు మొదట ఎడమచేతిని ఒంటరిగా సాధించాలని పెద్దలు చెప్పడంలోని అంతరార్థం ఇదే. ‘మినిట్ వాల్ట్జ్’ అని పేరుపొందిన డి-ఫ్లాట్ వాల్ట్జ్‌ను నిమిషంలో ముగించాలని కొందరు పరుగులు పెడతారు. ఆ పేరు షోపాన్ పెట్టినది కాదు. దానికి చిన్నదని అర్థం చెబుతారు. పందెంలో గెలిచినవానికి నిమిషం దక్కుతుంది, సంగీతం దక్కదు.

యౌవనం నుండి షోపాన్‌ను ఊపిరితిత్తుల వ్యాధి పీడించింది. 1848 నవంబరు 16న లండన్ గిల్డ్‌హాల్‌లో, పోలండ్ శరణార్థుల సహాయార్థం, నిలువలేని నీరసంలోనూ వాయించాడు. బహిరంగంగా ఆయన వాయించడం అదే కడసారి. 1849 అక్టోబరు 17న పారిస్‌లో మరణించాడు. దేహాన్ని ఆ నగరంలోనే ఖననం చేశారు. హృదయాన్ని మాత్రం ఆయన కోరిక మేరకు సోదరి లుడ్వికా వార్సాకు తీసుకువెళ్ళింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అక్కడినుండి తరలింపబడినా, 1945లో అది మళ్ళీ హోలీ క్రాస్ చర్చికి చేరింది.

విద్యార్థి మిత్రులు ఆ సి-షార్ప్ మైనర్ వాల్ట్జ్‌ను ఒకసారి కాదు, మూడుసార్లు వినాలి. మొదటిసారి ఎడమచేతి మూడు మాత్రలను లెక్కించండి. రెండవసారి కుడిచేతి పాటను అనుసరించండి. మూడవసారి లెక్క మానివేసి వినండి. మన తరగతి గదులలో కూడా అన్ని వేళ్ళూ సమానంగా ఉండవు. ఒకరికి గణితం, ఒకరికి కవిత్వం, ఒకరికి చేతిపని సహజంగా ఒదుగుతాయి. బలహీనమైన వేలిని నిందించక, దానికి తగిన మెట్టు చూపించిన గురువు షోపాన్. ఆ పాఠం సంగీత కళాశాలలకే పరిమితం కానవసరం లేదు.