భూమి తిరుగుతున్నదని చెప్పిన అశ్మకుడు

బోధన్ నుండి నిజామాబాదుకు వచ్చే బస్సులో కిటికీ ప్రక్కన కూర్చున్న మీ పిల్లవాడు చెట్లు వెనక్కి పరుగెత్తుతున్నాయని ఎప్పుడైనా అన్నాడా? కదిలేది చెట్లు కావని, మనమేనని మీరు నవ్వుతూ చెప్పే ఉంటారు. సుమారు 1500 సంవత్సరాల క్రితం ఒక యువకుడు పడవ ప్రయాణాన్ని ఉదాహరణగా చూపి, నక్షత్రాలను గూర్చి ఇదే సంగతి చెప్పాడు. ఆయనే ఆర్యభటుడు.

1975లో అంతరిక్షానికి వెళ్ళిన మన దేశపు మొదటి ఉపగ్రహానికి ఆయన పేరే పెట్టారు. అయితే మన ప్రాంతంతో ఆయనకు గల సంబంధం చాలామందికి తెలియదు. క్రీ.శ. 629లో ఆయన గ్రంథానికి వ్యాఖ్యానం వ్రాసిన మొదటి భాస్కరుడు దానిని అశ్మకీయమన్నాడు. అశ్మకం గోదావరి తీరపు దేశం. దాని రాజధాని పోదనమే నేటి బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆయన కేరళవాడనే వారూ ఉన్నారు. కనుక మనవాడేనని పంతం పట్టనక్కరలేదు గాని, మన పిల్లలకు చెప్పుకోదగిన సంగతే.

ఆయన 476లో జన్మించాడు. నేటి పాట్నా ప్రాంతమైన కుసుమపురంలో విద్య నేర్పాడు. 23 ఏండ్ల వయసు నాటి లెక్కను తన ఆర్యభటీయంలో తానే చెప్పుకున్నాడు. నక్షత్రాలను బట్టి చూస్తే భూమి ఒకసారి తిరగడానికి ఆయన లెక్క ప్రకారం 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లు పడుతుంది. నేటి గడియారాలు చెప్పేదీ అదే! మరి రోజుకు 24 గంటలెందుకు? భూమి తన చుట్టూ తాను తిరిగేలోగా సూర్యుని చుట్టూ కూడా కొంత ముందుకు జరుగుతుంది. సూర్యుడు మళ్ళీ నడినెత్తికి రావాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. ఈ రెండవ చలనం ఆర్యభటునికి అందలేదు. సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతాడని ఆయన అనుకున్నాడు. దానిని సరిదిద్దిన కొపర్నికస్ గ్రంథం 1543లో వెలువడింది. ఆయన పోలెండులో మన శ్రీసభ సేవలో ఉన్నవాడే.

ఆర్యభటుని మాటకు సొంత దేశంలోనే ఎదురుదెబ్బ తగిలింది. భూమి తిరిగితే గూడు విడిచిన పక్షి తిరిగి గూటికెలా చేరుతుందని వరాహమిహిరుడు ఆక్షేపించాడు. బ్రహ్మగుప్తుడూ ఖండించాడు. ఆయనను గౌరవించిన వ్యాఖ్యాతలు కొందరు ఆ మాటలకు వేరే అర్థం చెప్పి దాటవేశారు. వారిని చూసి మనం నవ్వరాదు. 1633లో గెలీలియోకు శిక్ష విధించింది మన శ్రీసభ న్యాయస్థానమే. నాటి వేదాంతుల పొరపాటును 1992లో రెండవ జాన్ పాల్ పోపుగారు బహిరంగంగా ఒప్పుకున్నారు.

గ్రహణాలను గూర్చి ఆర్యభటుడు మరింత స్పష్టంగా చెప్పాడు. సూర్యుని చంద్రుడు కప్పితే సూర్యగ్రహణం. భూమి నీడ చంద్రునిపై పడితే చంద్రగ్రహణం. మ్రింగే రాక్షసుడెవడూ లేడు. చంద్రుని దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది గనుక ప్రతి అమావాస్యకు, ప్రతి పౌర్ణమికి గ్రహణం రాదు.

ఇంత తెలిసినా, గ్రహణం నాడు గర్భిణిని తలుపులు మూసిన గదిలో కదలకుండా పడుకోబెట్టి, మంచినీళ్ళు కూడా ఇవ్వని ఇళ్ళు మన విచారణలలో లేవా? ఉన్నాయి. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని భయం! పౌర్ణమిని లెక్కించి పునరుత్థాన పండుగ జరుపుకునే మనం చంద్రుని నీడకు ఎందుకు భయపడాలి? ఆ తల్లికి వేళకు అన్నం, నీళ్ళు పెట్టండి. సూర్యగ్రహణాన్ని మాత్రం వట్టి కళ్ళతో ఎవరూ చూడరాదు. అది కంటికి హాని.

చంద్రగ్రహణానికి ఆ భయం కూడా లేదు. ఈసారి మన ఊళ్ళో కనబడినప్పుడు పిల్లలను మిద్దె మీదకు తీసుకువెళ్ళండి. చంద్రునిపై ప్రాకే నీడ అంచు వంపుగా ఉండటం వారికి చూపించండి. అది మనం నిలబడిన ఈ గుండ్రని భూమి నీడ.